ఇల్మ్ హాసిల్ చేయడం అంటే ఏం చేయడం?

ఇల్మ్ హాసిల్ కర్నా. ఈ మాట చెవిన పడకుండా పెరిగిన ముస్లిం పిల్లలు మా పెద్దాపురంలో ఉండరు. జుమ్మా బయాన్‌లో ఉంటుంది. మదర్సా సాలానా జల్సాలో ఉంటుంది. పరీక్ష తప్పి ఇంటికొచ్చిన కొడుకును తిట్టే అబ్బాల నోట ఉంటుంది. బడికి తొలిరోజు పంపేటప్పుడు బిడ్డ తల మీద చెయ్యి పెట్టి దుఆ చేసే దాదీల నోట ఉంటుంది. అంత పాత మాట, అంత ఇజ్జత్ ఉన్న మాట. కానీ దాన్ని విప్పి చూసేవాళ్లు తక్కువ. ఇల్మ్ సరే. దాన్ని హాసిల్ చేయడమంటే ఏం చేస్తాం? అది ఎప్పటికి అయిపోతుంది? అయిపోయిందని ఎవరు చెప్తారు?

నన్ను ఈ ఆలోచనలో పడేసింది మా భాంజీ. మా బాజీ పెద్ద కూతురు. బీఎస్సీ ఆఖరి ఏడాది, జువాలజీతో పాటు ఆక్వాకల్చర్. ఎమ్మెస్సీ చదవాలని దాని కోరిక. సీటు వచ్చినా హాస్టల్ ఖర్చు మా దుల్హాభాయ్ వల్ల కాదు. అందుకని ఒక ట్రస్టు ఇచ్చే స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడుతోంది. నువ్వు ఎందుకు చదవాలనుకుంటున్నావో ఒక పేజీలో ఇంగ్లీషులో రాయమన్నారు వాళ్లు. నెట్ సెంటర్ అబ్బాయి దగ్గర ఒక లెటర్ తయారుగా ఉంది. పేరు మార్చి అందరికీ అదే ఇస్తున్నాడు. దాని మొదటి వాక్యం: ఐ వాంట్ టు గెయిన్ మోర్ నాలెడ్జ్.

"మామూ, ఇంగ్లీష్ వాళ్లు ఇలాగే అంటారా?" అని ఫోన్‌లో అడిగింది.

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా ఇంగ్లీష్ వార్తల్ని తెలుగులోకి దించుతూ రోటీ సంపాదించుకుంటున్నవాణ్ని. ఇంగ్లీష్ నాకు అమ్మీజాన్ భాష కాదు, ఉద్యోగం ఇచ్చిన భాష. అందుకే దాన్ని నమ్మకంగా కాకుండా అనుమానంగా చదవడం అలవాటు. ఆ అలవాటుతోనే దానికి జవాబు చెప్పాను.

అంటారు. కానీ మనం అనే చోట అనరు. "గెయిన్ నాలెడ్జ్" వాళ్లకు కాగితం మీది మాట. కాలేజీ ప్రాస్పెక్టస్‌లో, సిలబస్ లక్ష్యాల్లో, ఉద్యోగ ప్రకటనల్లో కనిపిస్తుంది. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు దాని జోలికి పెద్దగా పోరు. క్లాసు నుంచి వచ్చినవాడు "ఐ లర్న్డ్ ఎ లాట్" అంటాడు. పక్కింటి వాళ్లను చూసి నాలుగు తెలుగు ముక్కలు పట్టుకున్నవాడు "పిక్డ్ అప్ సమ్ తెలుగు" అంటాడు, అంటే దారిలో ఏరుకున్నట్టు. "గెట్ నాలెడ్జ్" వాళ్ల చెవికి పంటి కింద రాయి. "లర్న్ నాలెడ్జ్" కూడా అంతే. నేర్చుకోవడంలోనే జ్ఞానం ఉంది కదా, మళ్లీ పక్కన ఇంకోటి ఎందుకు అన్నట్టు. మామూలు మాటల్లో "నాలెడ్జెస్" అని బహువచనం చేయరు. బియ్యపు గింజల్ని ఎవరూ లెక్కపెట్టనట్టు, వాళ్లు నాలెడ్జ్‌ని లెక్కపెట్టరు. ఇంకో చిన్న సంగతి. మనం "ఐ నో స్విమ్మింగ్" అంటాం, వాళ్లు "ఐ కెన్ స్విమ్" అంటారు. తెలుసు అనరు, చేయగలను అంటారు.

అన్నిటికంటే ముఖ్యమైనది చిన్న ముక్క. "గెయిన్ నాలెడ్జ్" అని రాసినప్పుడు వాళ్లు సాధారణంగా అక్కడ ఆగరు. దాని తర్వాత "ఆఫ్" వస్తుంది. దేని నాలెడ్జ్? చట్టం నాలెడ్జా, చేపల నాలెడ్జా, అరబీ నాలెడ్జా? ఆ "దేని" అన్నది లేకపోతే చదివేవాడికి ఏమీ చెప్పినట్టు కాదు. నెట్ సెంటర్ లెటర్‌లో లేనిది అదే. పేరు మార్చి పదిమందికి ఇవ్వగలిగేది కూడా అందుకే.

గెయిన్ అనే మాట పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని వెనక ఉన్న జర్మానిక్ మూలానికి అర్థం మేత వెతుక్కోవడం, ఆహారం కోసం తిరగడం అని నిఘంటువులు చెప్తాయి. లర్న్ అనే మాట ఇంకా పాతది. దాని మూలంలో ఉన్నది జాడ, దుక్కి చాలు. అంటే చాలు తప్పకుండా నాగలి వెంట నడవడం. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక మాటలో మేత ఉంది, ఒక మాటలో దున్నకం ఉంది.

ఇక మన హాసిల్. హె, స్వాద్, లామ్. అరబీ మూడక్షరాల ధాతువు. దీన్నుంచి పుట్టిన మహసూల్ మన రైతుల నోట మహసూలు అయింది, గోదావరి జిల్లాల్లో ఇంకా అరిగి మాసూలు అయింది. "ఇంకా మాసూళ్లు కాలేదండీ" అనే రైతుకు తాను అరబీ మాట్లాడుతున్నానని తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు, ఆ మాట ఎప్పుడో ఆయనదైపోయింది. కోసి, కుప్ప వేసి, నూర్చి, పొల్లు పోగా చేతికి మిగిలిన గింజ మాసూలు. ఆ గింజలో సర్కారు వాటా వసూలు చేసే పని తహసీల్. చేసేవాడు తహసీల్దార్. మేము షేక్‌లం. 2007లో చేసిన చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ మా పిల్లలకు వర్తిస్తుంది. ఆ సర్టిఫికెట్ మీద తహసీల్దార్ దస్తఖత్ ఉండాలి. ఇల్మ్ హాసిల్ చేయబోయే పిల్ల ముందు తహసీల్దార్ సంతకం హాసిల్ చేసుకోవాలి. రెండూ ఒకే ఇంటి మాటలని చెప్తే మా భాంజీ పగలబడి నవ్వింది.

ఖురాన్‌లో కూడా ఈ ధాతువు ఉంది. సూరె ఆదియాత్, 10వ ఆయత్. ఖయామత్ నాడు గుండెల్లో ఉన్నదంతా బయటికి తీయబడుతుందని చెప్పే చోట. అక్కడ అది కూడబెట్టడం కాదు, లోపల ఉన్నదాన్ని వెలికి తీయడం. పొల్లు నుంచి గింజను వేరు చేసినట్టు. ఆ అర్థంలో చూస్తే ఇల్మ్ హాసిల్ చేయడమంటే ఎంత పోగేశావన్నది కాదు, నూర్చాక నీలోంచి ఏం రాలిందన్నది.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు హాసిల్ ఇంకో చోట కూడా పరిచయం. హిసాబ్ క్లాసు. గుణిస్తే వచ్చేది హాసిలె జర్బ్. కూడికలో ఏడూ ఎనిమిదీ పదిహేను, పాంచ్ లిఖో, హాసిల్ ఏక్. ఆ హాసిల్‌ను పలక మీద పక్క అంకె నెత్తిన చిన్నగా రాసుకునేవాళ్లం. అది జవాబు కాదు. జవాబు గీత కింద ఉంటుంది. హాసిల్ అంటే ఈ స్థానంలో పట్టక పక్క స్థానానికి మోసుకెళ్లాల్సింది. మోయడం మరిచిపోతే లెక్క మొత్తం గలత్. ఇల్మ్ విషయంలో హాసిల్ అనే మాటను ఈ లెక్కల అర్థంలో వాడుకుంటే మన ఇళ్లలో చాలా సంగతులు మారేవి. ఆ విషయానికి వస్తాను.

తెలుగు ఈ వ్యవహారాన్ని పూర్తిగా వేరేగా చూస్తుంది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నాకు బాగా నచ్చినది ఇదే. తెలుగులో మనిషి జ్ఞానం వెంట పడడు, అదే మనిషి దగ్గరికి వస్తుంది. నాకు తెలుగు వచ్చు. వాడికి ఈత వచ్చు. ఆమెకు లెక్కలు రావు. చదువు కర్త, మనిషి దాని కోసం గుమ్మంలో నిలబడ్డవాడు. చదువు అబ్బింది అంటాం, దొరికింది అనం. వంటబట్టింది అంటాం, తిన్నది ఒంటికి పట్టినట్టు. తిన్నంత మాత్రాన వంటబట్టదని కూడా ఆ మాటలోనే ఉంది. ఉర్దూ కూడా ఇక్కడ తెలుగు పక్కనే కూర్చుంటుంది. మా గలీలో ఎవరినడిగినా "మేరేకు తెలుగూ ఆతా, ఉర్దూ భీ ఆతా" అంటారు. వస్తుంది, ఆతా. రెండు భాషలకూ ఒకే అదబ్. ఇంగ్లీషులో మాత్రం "ఐ నో". అక్కడ నేను ముందు, భాష తర్వాత.

మాకు పక్కనే ఉన్న పిఠాపురంలో ఉమర్ అలీషా గారు ఉండేవారు. 1885లో పుట్టి 1945లో పోయారు. విశ్వ విజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠానికి ఆరో పీఠాధిపతి. కేంద్ర శాసనసభలో సభ్యుడు. ఉమర్ ఖయ్యామ్ రుబాయీల్ని పార్సీ నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఆయన గురించి తలచుకునే పెద్దలు ఆయన ఇంత విద్య ఆర్జించారని మొదలుపెట్టరు. "ఆయనకు సంస్కృతం వచ్చు, అరబీ వచ్చు, పార్సీ వచ్చు" అంటారు. ఏమేం వచ్చో పేరు పెట్టి చెప్తారు. ఒక తెలుగు ముస్లిం పేరు పక్కన ఈ మాటలన్నీ వరసగా వింటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

అలాగని తెలుగులో పోగేసుకునే పోలిక లేదని కాదు. విద్యను దాచిపెట్టిన ధనమని పొగిడే పద్యం తెలుగు బడిలో చదివినవాళ్లందరికీ కంఠస్తం. అది రాసిన ఏనుగు లక్ష్మణకవి మా దగ్గరివాడే, పెద్దాపురం పక్కన పెద్దాడ. 18వ శతాబ్దంలో భర్తృహరి సుభాషితాల్ని తెలుగు చేశాడు. పెద్దాపురం సంస్థానం వాళ్లు ఆయన పూర్వీకుడికి ఏనుగును బహూకరిస్తే ఇంటిపేరే ఏనుగు అయిపోయిందట. ఉర్దూలోనూ ఇల్మ్ కీ దౌలత్ అంటాం. ధనమనగానే సంపాదన, సంపాదన అనగానే చాలు అనే మాట వెనకాలే వస్తాయి. కానీ ఈ దౌలత్ పంచితే పెరుగుతుందని, దొంగ ఎత్తుకెళ్లలేడని రెండు భాషలవాళ్లూ చెప్పుకుంటారు. అంటే ఇది దాచుకునే సొమ్ము కాదని పోలిక పెట్టినవాళ్లకే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. ఆడపిల్లల విషయంలో మన ఇళ్లలో హాసిల్ కర్నా అనే మాట ఎలా వాడుతున్నారో గమనించారా? మగపిల్లాడితో "ఇల్మ్ హాసిల్ కరో" అంటారు. ఆడపిల్లతో ఒక వయసు రాగానే "హాసిల్ కర్‌లియా నా, బస్" అంటారు. ఒకే మాట. ఒకరికి హుకుం, ఒకరికి తాళం. డిగ్రీ కాగితం చేతికొస్తే మాసూళ్లు అయిపోయినట్టే, ఇక గాదెకు తలుపేయడమే.

మా బాజీ ఇంట్లోనూ అదే జరగబోయింది. భాంజీకి రాజమండ్రి నుంచి రిష్తా వచ్చింది. లడ్కా మంచివాడు, ఖాన్‌దాన్ మంచిది, జోడేకీ రఖమ్ అడగలేదు. బక్రీద్ దాటాక నిఖా అయిపోవాలన్నారు. దుల్హాభాయ్ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ మంచి రిష్తా చేజారితే మళ్లీ వస్తుందో రాదో అనే ఖౌఫ్ ఇద్దరు ఆడపిల్లల తండ్రికి తప్ప ఇంకొకరికి అర్థం కాదు. ఆయన అన్నది కూడా సున్నితంగానే అన్నారు. "బీఎస్సీ తక్ ఇల్మ్ హాసిల్ కర్‌లియా. ఔర్ క్యా హోనా?"

ఆ రోజు మా అబ్బా అక్కడే ఉన్నారు. నలభై ఏళ్లు సైకిల్ దుకాణం నడిపిన మనిషి. ఉర్దూ ఖురాన్ షరీఫ్ తర్జుమా తప్ప పెద్దగా కితాబులు చదవలేదు. దుకాణంలో పనికి కుర్రాడు వస్తే ఏం చదివావని అడిగేవారు కాదు. "క్యా ఆతా రే తేరేకు?" అని అడిగేవారు. పంక్చర్ ఆతా, చైన్ వేయడం ఆతా, వీల్ బెండ్ తీయడం నై ఆతా. అంతే ఇంటర్వ్యూ. రానిది చెప్పినవాణ్నే పనిలో పెట్టుకునేవారు. రానిదేమిటో తెలిసినవాడు నేర్చుకుంటాడని ఆయన లెక్క.

ఆయన మనవరాలిని కూడా అదే అడిగారు. "క్యా ఆతా మా తేరేకు?"

పిల్ల కాసేపు తటపటాయించి మొదలుపెట్టింది. కాకినాడ వైపు తీరంలో దాని చాచా లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు కథ మా అందరికీ తెలిసిందే. చేతికందాల్సిన పంట కొన్ని రోజుల్లో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వైట్ స్పాట్ అన్నారు. 1990లలో టైగర్ రొయ్యను ఊడ్చేసిన వైరస్సే అది. 2009లో సర్కారు వనామీకి పర్మిషన్ ఇచ్చాక రొయ్య మారింది గానీ రోగం పోలేదు. సీడ్‌లో ఆ వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షతో ఎలా పట్టుకుంటారో తనకు వచ్చని చెప్పింది. నమూనా ఎలా తీయాలో, ఎక్కడ పొరపాటు జరిగితే ఉన్న వైరస్ లేనట్టు చూపిస్తుందో చెప్పింది. తర్వాత రానిది చెప్పింది. "నానా, ఒకే హ్యాచరీ సీడ్ రెండు చెరువుల్లో వేస్తారు. ఒకటి పోతుంది, పక్కది నిలబడుతుంది. క్యోఁ, అది నాకు రాదు. అదే నేర్చుకోవాలి."

దుల్హాభాయ్ ఏమీ అనలేదు. తమ్ముడి చెరువులో పోయిన డబ్బులో ఆయన అప్పు కూడా ఉంది.

నేను ఫోన్‌లో ఇంగ్లీష్ పాఠం చెప్పిన దానికంటే అబ్బా అడిగిన నాలుగు మాటలే ఆ లెటర్‌ను మార్చాయి. భాంజీ గెయిన్ మోర్ నాలెడ్జ్ కొట్టేసింది. చాచా చెరువుతో మొదలుపెట్టింది. తనకు ఏ పరీక్ష చేయడం వచ్చో రెండో పేరాలో రాసింది. ఏ ప్రశ్నకు జవాబు రాదో మూడో పేరాలో రాసింది. వ్యాకరణం ఒకటి రెండు చోట్ల నేను సరిచేశాను, అంతే. ఆ లెటర్‌ను నెట్ సెంటర్ అబ్బాయి ఇంకెవరికీ పేరు మార్చి ఇవ్వలేడు.

దరఖాస్తు వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు. రాజమండ్రి వాళ్లతో బాజీ మాట్లాడింది, రెండేళ్లు ఆగగలరా అని. ఆలోచించి చెప్తామన్నారు. వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. స్కాలర్‌షిప్ రాకపోతే ఏమిటన్నది ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు. వస్తే రిష్తా పోతుందేమోనన్నదీ అనడం లేదు. ఇంటిల్లిపాదీ దుఆ చేస్తున్నారు, ఎవరి దుఆ ఏమిటో అల్లాకే తెలుసు.

ఇబ్నె మాజాలో ఉన్న మషహూర్ హదీస్ మనందరికీ తెలుసు. ఇల్మ్ కోసం వెతకడం ప్రతి ముస్లిం మీదా ఫర్జ్ అనేది. మర్ద్‌కైనా ఔరత్‌కైనా వర్తిస్తుందని ఉలమా చెప్తారు. అక్కడ వాడిన మాట తలబ్. హాసిల్ కాదు. తలబ్ అంటే వెతుకులాట, అడగడం. అందుకే చదువుకునేవాణ్ని ఉర్దూలో తాలిబె ఇల్మ్ అంటాం. ఇల్మ్ కోసం చైనా దాకైనా వెళ్లమన్న రివాయత్ జయీఫ్ అని చాలామంది ముహద్దిసులు అన్నారు. దాన్ని పక్కన పెట్టినా ఫర్జ్ ఫర్జే. సూరె తాహా 114వ ఆయత్‌లో నేర్పిన దుఆ మన పిల్లలకు మాటలు రాగానే వస్తుంది. అది నా ఇల్మ్‌ను ఇంకా పెంచమని అడిగే దుఆ. పైగంబర్ సల్లల్లాహు అలైహి వసల్లం గారికి నేర్పిన దుఆ అది. ఆయనకే బస్ అనే మాట లేనప్పుడు బీఎస్సీ దగ్గర బస్ అనడానికి మనమెవరం?

హాసిల్ అనే మాట వద్దని నేననను. మన మాట, మన రైతుల మాట. పలక మీద నేర్చుకున్న అర్థంలో వాడుకుందాం. ఇక్కడ వచ్చినదాన్ని పక్క స్థానానికి మోసుకెళ్లాలి.

రిజల్ట్స్ రోజుల్లో మన ఇళ్లలో మొదటి సవాల్ "కిత్నే ఆయే?" అనే. మార్కులు ఎన్ని వచ్చాయని. అడగండి, తప్పు లేదు, పిల్లలు కూడా దానికోసమే ఎదురు చూస్తుంటారు. మిఠాయి తిన్నాక, చుట్టాలు వెళ్లిపోయాక, ఇంకొకటి కూడా అడగండి. "క్యా ఆతా?" ఏం వచ్చు, ఏం రాదు? అబ్బాయినైనా అమ్మాయినైనా అదే అడగండి. రానిది చెప్పినప్పుడు మాత్రం తిట్టకండి.

అల్లా హాఫిజ్.